గంటల లెక్క ఎవరు చెప్పాలి?

పసిపిల్లలను చూసుకునే మనిషికి తక్కువ కూలి ఇచ్చే యజమానిని ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియా గట్టి జవాబే చెప్పింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ తెలిసి తెలిసి జీతం ఎగ్గొట్టడం క్రిమినల్ నేరం. వ్యక్తికైతే పదేళ్ల దాకా జైలు, 16.5 లక్షల డాలర్ల దాకా జరిమానా. కంపెనీకైతే ఆ జరిమానా 82.5 లక్షల డాలర్ల దాకా వెళుతుంది. ఎగ్గొట్టిన సొమ్ముకు మూడింతలు ఇంతకన్నా పెద్ద మొత్తమైతే ఆ మూడింతలే గరిష్ఠం. వేతన చోరీ గురించి ఎవరు రాసినా ఈ పదేళ్ల జైలు మాటే ముందుకు తెస్తారు. కానీ ఆ దేశపు చట్టంలో డే కేర్ ఉద్యోగికి నిజంగా పనికొచ్చేది జైలు సెక్షన్ కాదు, 2017లో చేర్చిన మరో సెక్షన్. పని గంటల రికార్డు రాయని యజమాని మీదకే రుజువు భారాన్ని నెట్టేసే నిబంధన అది. మన కొత్త వేతన చట్టం సరిగ్గా ఆ చోటే వెనకడుగు వేసింది.

ముందు అక్కడి పని తీరు చూద్దాం. ఆస్ట్రేలియా డే కేర్ కేంద్రాల్లో ఎందరు పిల్లలకు ఎందరు సిబ్బంది ఉండాలో చట్టమే చెబుతుంది. రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒకరు. రెండు నుంచి మూడేళ్ల వారికి చాలా రాష్ట్రాల్లో ఐదుగురికి ఒకరు. పొద్దున్నే ఒక ఉద్యోగికి జ్వరమొచ్చి రానంటే ఆ లెక్క తప్పుతుంది, కేంద్రం తలుపులు తెరవడానికి వీలుండదు. అప్పటికప్పుడు ఫోను చేస్తే వచ్చే మనిషి కావాలి. ఆ మనిషే క్యాజువల్. జీతంతో వార్షిక సెలవులు, జబ్బు సెలవు జీతం, రేపు పని ఉంటుందన్న హామీ ఏవీ ఉండవు. వాటికి బదులుగా గంట కూలి మీద 25 శాతం అదనంగా ఇవ్వాలి. 2025 జులైలో జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లయింది, క్యాజువల్‌కు 31.19. పిల్లల సంరక్షణ రంగానికి విడిగా ఒక అవార్డు, అంటే రంగం వారీ వేతన ఉత్తర్వు, ఉంది, అందులో అర్హతను బట్టి రేట్లు ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం తల్లులు పిల్లలను తీసుకెళ్లిపోయాక సిబ్బంది ఎక్కువైనట్టు తేలితే మొదట ఇంటికి పంపేది క్యాజువల్‌నే. అలా పంపినా, పిలిపించినందుకు కనీసం రెండు గంటల కూలి లెక్కగట్టాల్సిందే.

రాతలో ఇంత పద్ధతిగా ఉన్నా ఎగవేత ఆగదు. 25 శాతం అదనాన్ని మింగేసి మామూలు రేటు ఇస్తారు. ‘ట్రయల్’ పేరుతో మొదటి రెండు మూడు రోజులు ఉత్తినే చేయించుకుంటారు. పిల్లలు వెళ్లాక గది ఊడ్చి, బొమ్మలు కడిగి, తల్లిదండ్రులకు పంపాల్సిన ఫొటోలు, రాతకోతలు పూర్తిచేసిన గంట లెక్కలోకి రాదు. సాయంత్రం జరిగే సిబ్బంది సమావేశానికి రాకపోతే కుదరదు, వస్తే పైసా రాదు. ‘ఏబీఎన్ (వ్యాపార నంబరు) తెచ్చుకో, నిన్ను కాంట్రాక్టరుగా రాసుకుంటాం’ అనడం ఇంకో దారి. ఖాతాలో పూర్తి జీతం వేసి, కొంత నగదుగా వెనక్కి తీసుకోవడం అన్నిటికన్నా మొరటు దారి. ఈ రెండింటినీ చట్టం పేరు పెట్టి మరీ నిషేధించింది.

ఇలాంటి కేసు కోర్టుకెక్కితే మొదట చిక్కేది గంటల దగ్గరే. ఆమె పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా ఉన్నానంటుంది, యజమాని మూడింటికే పంపేశానంటాడు. కాగితం లేదు. దావా వేసిన వాళ్లే రుజువు చేసుకోవాలన్నది మామూలు న్యాయసూత్రం. అలాగైతే కాగితం రాయని యజమానికే లాభం, ఎంత తక్కువ రాస్తే అంత భద్రం. 2017 సవరణ ఈ లెక్కను తిరగేసింది. యజమాని పని గంటల రికార్డు ఏడేళ్లు ఉంచాలి, జీతం ఇచ్చిన ఒక పనిదినంలోగా పే స్లిప్ ఇవ్వాలి. ఇవి చేయకపోతే, తగిన కారణం చూపలేకపోతే, ఉద్యోగి చెప్పిన గంటలు తప్పని రుజువు చేయాల్సింది యజమానే. ఉద్యోగి దగ్గర ఉండే సాక్ష్యం ఏమిటి? ‘రేపు ఏడింటికి రాగలవా’ అన్న మెసేజి, బస్సు కార్డులో పడిన సమయాలు, డైరీలో తన చేత్తో రాసుకున్న అంకెలు. ఇదివరకు న్యాయవాదులు వీటిని చూసి పెదవి విరిచేవారు. రికార్డు లేని యజమాని ఎదుట ఇప్పుడు ఇవే బలమైన ఆధారాలు.

శిక్షల సంగతికొస్తే, క్రిమినల్ కేసు చివరి మెట్టు. పొరపాటున లెక్క తప్పిన వారిని ఆ సెక్షన్ తాకదు, కావాలని చేశారని తేలాలి. పదిహేను మందికన్నా తక్కువ సిబ్బంది ఉన్న చిన్న యజమానులకు విడిగా ఒక నియమావళి ఉంది, దాన్ని పాటించారని తేలితే కేసు క్రిమినల్ విచారణకు వెళ్లదు. తప్పును తామే ఒప్పుకుని వచ్చినవారితో, కార్మిక చట్టాలను అమలు చేసే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ ఒప్పందం చేసుకునే వీలూ ఉంది. రోజువారీ పని జరిగేది సివిల్ జరిమానాలతోనే. 2024 నవంబరులో ఖరారైన జరిమానా యూనిట్ విలువ ప్రకారం మామూలు ఉల్లంఘనకు వ్యక్తి మీద 19,800 డాలర్ల దాకా, చిన్న కంపెనీ మీద 99,000 డాలర్ల దాకా పడుతుంది. పెద్ద కంపెనీలకు 2024 ఫిబ్రవరి నుంచి అది ఐదింతలు. తెలిసి గానీ, లెక్కచేయకుండా గానీ చేస్తే దాన్ని తీవ్ర ఉల్లంఘనగా పరిగణించి పదింతలు చేస్తారు. వీటన్నిటికీ ముందు, ఆరేళ్ల వెనక్కి వెళ్లి బకాయి మొత్తం కట్టాల్సిందే. కంపెనీ మూసేసి చేతులు దులుపుకుందామన్నా కుదరదు. ఎగవేతలో చేయి ఉన్న డైరెక్టరు, మేనేజరు, జీతాల లెక్క రాసిన అకౌంటెంటు కూడా సొంతంగా బాధ్యులవుతారు. లక్ష డాలర్ల లోపు బకాయిని చిన్న దావాల పద్ధతిలో, పెద్ద లాయరు ఖర్చు లేకుండానే అడగొచ్చు.

మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఎర్లీ చైల్డ్‌హుడ్ కోర్సు చదువుతూ డే కేర్‌ల్లో క్యాజువల్ పని చేసేవారిలో తెలుగు అమ్మాయిలూ ఉన్నారు. చదువు నడిచే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద పక్షానికి 48 గంటలకు మించి పని చేయకూడదు. ఆ పరిమితి దాటించి పని చేయించుకుని, జీతం అడిగితే ‘ఇమిగ్రేషన్‌కు చెబుతా’ అని బెదిరించడం పాత ఎత్తు. 2024 జులై నుంచి వీసా స్థితిని అడ్డుపెట్టుకుని పని దోపిడీ చేయడమే విడి నేరమైంది. వీసా ఏదైనా వేతన హక్కు ఉంటుందని ఫెయిర్ వర్క్ చట్టంలోనే స్పష్టంగా రాశారు. ఈ సంగతి మన పిల్లలకు అక్కడి చట్టం చెబుతోంది కానీ, విమానం ఎక్కించే మన కన్సల్టెన్సీలు చెప్పడం లేదు.

ఇదంతా చిల్లర యజమానుల కథే అనుకుంటే పొరపాటు. ఆ దేశంలో పిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపే అతిపెద్ద సంస్థల్లో ఒకటైన, షేర్ మార్కెట్‌లో ఉన్న జీ8 ఎడ్యుకేషన్ 2020 డిసెంబరులో తమ సిబ్బందికి ఏళ్ల తరబడి తక్కువ చెల్లించామని తానే ప్రకటించింది. సరిచేయడానికి 8 కోట్ల డాలర్ల దాకా కావచ్చని అప్పటి అంచనా, పాత, కొత్త ఉద్యోగులు కలిపి 27,000 మంది దాకా నష్టపోయారు. అంటే వేతన విభాగం, ఆడిటర్లు, న్యాయవాదులు అందరూ ఉన్న చోట కూడా లెక్క తప్పింది. ఆ తప్పు వల్ల ఉద్యోగులకు వెళ్లింది ఎక్కువ కాదు, తక్కువే. ఈ రంగంలో జీతాలే మొదటి నుంచీ తక్కువగా కట్టారని, కనీస వేతనాలు ఖరారు చేసే ఫెయిర్ వర్క్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో అభిప్రాయపడింది. ఆడవాళ్లు చేసే పని కాబట్టే విలువ తగ్గించారన్నది దాని సారాంశం. అంతకు ముందే, 2024 డిసెంబరు నుంచి, ప్రభుత్వం రెండేళ్లలో 15 శాతం పెంపునకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఫీజుల పెంపును పరిమితిలో ఉంచి, పెంపు మొత్తాన్ని సిబ్బందికి చేరవేస్తామని చట్టబద్ధంగా ఒప్పుకున్న కేంద్రాలకే ఆ డబ్బు.

ఇక అమెరికా సంగతి. అక్కడ అడపాదడపా వచ్చి పిల్లలను చూసే వారిని ఫెడరల్ కనీస వేతన చట్టం 1974 నుంచీ మినహాయించింది. కాలేజీ పిల్ల శనివారం సాయంత్రం పక్కింటి పాపను చూసుకునే సందర్భం కోసం పెట్టిన మినహాయింపు అది. వారానికి 20 గంటలు దాటితే సాధారణంగా వర్తించదు. న్యూజెర్సీ, డల్లాస్ తెలుగు ఇళ్లల్లో నెలల తరబడి ఉండిపోయి, వంటతో పాటు పసిబిడ్డను చూసే ‘ఆంటీ’ ఆ లెక్కన క్యాజువల్ కాదు, ఎంత నగదుగా ఇచ్చినా, ఎంత ఇంటి మనిషని పిలిచినా సరే. ఆమె వీసా ఏమిటన్నదానితో కనీస వేతన హక్కుకు సంబంధం లేదు.

ఈ విషయంలో మన దేశం స్పందించిన తీరు ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2013 డిసెంబరు 12న న్యూయార్క్‌లో భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. ఇంటిపనికి, పిల్లలను చూసుకోవడానికి భారత్ నుంచి తీసుకెళ్లిన మహిళకు గంటకు 9.75 డాలర్లు ఇస్తామని వీసా పత్రాల్లో రాసి, నెలకు 30,000 రూపాయలకే మాట్లాడుకున్నారన్నది అభియోగం. అధికారిణిని తనిఖీ చేసిన తీరు మీద దేశమంతా మండిపడింది. ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందున్న బారికేడ్లు తీసేశారు. దౌత్య రక్షణ కారణంగా మొదటి అభియోగాన్ని కోర్టు కొట్టేసింది. తనిఖీ తీరు మీద కోపం సబబే. కానీ ఆ గొడవలో పిల్లలను చూసుకున్న మనిషికి రావాల్సిన జీతం ఎంత అన్న ప్రశ్నను టీవీ చర్చల్లో ఎవరూ పట్టించుకోలేదు. యజమాని మనవారైతే చర్చ ఇలా పక్కకు జరుగుతుంది.

ఇప్పుడు మన చట్టానికి వద్దాం. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం పోయింది. పాత చట్టంలో తక్కువ జీతం ఇచ్చినవారికి ఆరు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొత్తదాంట్లో మొదటి తప్పుకు జైలు లేదు, 50,000 రూపాయల దాకా జరిమానా ఒక్కటే. ఐదేళ్లలో మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి తప్పును గరిష్ఠ జరిమానాలో సగం, అంటే 25,000 రూపాయలు, కట్టి రాజీ చేసుకోవచ్చు. ఆస్ట్రేలియా జరిమానా నుంచి జైలు వైపు నడిస్తే మనం జైలు నుంచి జరిమానా వైపు నడిచామని కార్మిక సంఘాలు బాధపడుతున్నాయి. నాకు ఆ బాధ అంతగా లేదు. ఆరు నెలల జైలు డెబ్బై ఏళ్లకు పైగా పుస్తకంలో ఉండి ఆయాలకు ఒరగబెట్టింది ఏముంది?

నిజానికి కోడ్‌లో మంచి నిబంధనలు ఉన్నాయి. బకాయి కోసం ఆరు నెలల్లో అడగాలన్న పాత గడువు మూడేళ్లయింది. అధికారి బకాయితో పాటు దానికి పదింతల దాకా పరిహారం ఇప్పించవచ్చు. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలి. యాభై మంది లేదా అంతకు మించి ఉన్న కంపెనీల్లో చట్టప్రకారం పెట్టిన క్రెష్‌ను కాంట్రాక్టుకు ఇచ్చేశాం, ఆయా జీతం మాకు సంబంధం లేదు అనడం ఇక చెల్లదు. 59వ సెక్షన్ అయితే ఆస్ట్రేలియా నిబంధనకు దీటుగానే ఉంది. జీతం తక్కువిచ్చారని క్లెయిము వేస్తే, పూర్తిగా ఇచ్చామని రుజువు చేయాల్సింది యజమానే.

మరి లోపమెక్కడ? 50వ సెక్షన్‌లో. ఉద్యోగుల వివరాల రిజిస్టరు రాయాలి, వేతన చీటీ ఇవ్వాలి అని మొదటి మూడు ఉపసెక్షన్లు యజమానికి చెబుతాయి. నాలుగోది, ఇంటి అవసరాలకు ఐదుగురికి మించకుండా పనివారిని పెట్టుకున్న వారికి ఇవేవీ వర్తించవు అంటుంది. తనిఖీ అధికారి అడిగితే జీతం ఇచ్చినట్టు ‘తగిన రుజువు’ చూపితే చాలు. ఇంటి అవసరం అంటే కుటుంబానికి మాత్రమే సంబంధించినది, సంస్థతోనూ వ్యాపారంతోనూ పొత్తు లేనిది అని వివరణ కూడా ఇచ్చింది. ఇక్కడే చిక్కు. కోడ్‌లో ఉద్యోగి అంటే ‘సంస్థ’లో జీతానికి పనిచేసేవారు. కుటుంబం సంస్థ కాదని 50వ సెక్షన్ వివరణే అంటున్నట్టుంది. అలాగైతే ఇంట్లో పాపను చూసే మనిషి అసలు కోడ్ పరిధిలోనే లేదు. కోడ్ పరిధిలో లేకపోతే మినహాయింపు ఎందుకిచ్చారు? ఆమె పరిధిలో ఉన్నట్టా, లేనట్టా అని ఏ కోర్టో తేల్చేదాకా ఎవరికి అనుకూలంగా వారు వాదించుకోవచ్చు.

పాత చట్టం కింద రాష్ట్రాలకు ఒక వెసులుబాటు ఉండేది, కావలసిన పనిని జాబితాలో చేర్చుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అలా ఇంటిపనిని చేర్చి కనీస వేతనం కట్టిన కొద్ది రాష్ట్రాల్లో ఒకటి. ఇప్పుడు ఆ జాబితాలే లేవు, పాత నోటిఫికేషన్లు కొత్త చట్టానికి విరుద్ధం కానంతవరకే నిలుస్తాయి. అందరికీ కనీస వేతనం అని ప్రకటించిన చట్టం, ఇదివరకు పేరు పెట్టి చేర్చినవారిని సందేహంలో పడేసింది. ఇంటిపనివారి సంగతి తేల్చడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చిందంటే, కోడ్‌లో జవాబు ఉందని కోర్టూ అనుకోలేదన్నమాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన ఇంటిపనివారి ఒడంబడికకు మనం ఓటేశాం, ఇప్పటిదాకా ఆమోదముద్ర వేయలేదు.

ప్లే స్కూలు టీచరు పరిస్థితి మరో రకం. టీచర్లు కనీస వేతనాల చట్టం కింద ‘ఉద్యోగులు’ కారని సుప్రీంకోర్టు 1996లో హర్యానా స్కూళ్ల కేసులో చెప్పింది. దాంతో ఒకే గదిలో ముక్కు తుడిచే ఆయాకు చట్టం వర్తించి, రైమ్స్ నేర్పే టీచరుకు వర్తించని వింత ఏర్పడింది. గ్రాట్యుటీ విషయంలో పార్లమెంటు 2009లో టీచర్లను చేర్చి సరిదిద్దింది. వేతనాల కోడ్‌లో అలాంటి స్పష్టమైన మాట లేదు.

ప్రైవేటు యజమానికి పాఠం చెప్పాల్సిన ప్రభుత్వం తన ఇంటిని చూసుకోవాల్సిన మాటా ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్)లో అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం లెక్కగట్టిన గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250. రాష్ట్రాలు కలిపి ఇస్తున్నది దీనికి అదనం. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో సమ్మె మొదలైనప్పుడు కార్యకర్తకు చేతికందేది 11,500, ఆయాకు 7,000. సమ్మె 42 రోజులు నడిచింది, మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించింది. జీతం సరిపోవడం లేదన్నవారిని అత్యవసర సేవల ఉద్యోగులుగా లెక్కించిన ప్రభుత్వమే, జీతం లెక్కగట్టేటప్పుడు వాళ్లను స్వచ్ఛంద సేవకులంటుంది! అంగన్‌వాడీ కేంద్రాన్ని సంస్థగా, గౌరవ వేతనాన్ని వేతనంగా గ్రాట్యుటీ చట్టం కోసం గుర్తిస్తూ సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో తీర్పు ఇచ్చింది. అదే తర్కం కనీస వేతనానికి ఎందుకు వర్తించదో ఏ ప్రభుత్వమూ వివరించడం లేదు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందకే వస్తుందని అదే కోర్టు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో చెప్పింది.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో, విజయవాడ అపార్టుమెంట్లలో ఇరవై నాలుగు గంటలూ ఉండే కేర్‌టేకర్లను పంపేది ఎక్కువగా ఏజెన్సీలే. ఇంటివారి దగ్గర కమీషను, మనిషి జీతంలో కోత, రెండూ వాటికే. ఇల్లు సంస్థ అవునో కాదో తేలకపోయినా ఏజెన్సీ సంస్థ అవునన్నదాంట్లో సందేహం లేదు. ఐదుగురి మినహాయింపు దానికి వర్తించదు. రిజిస్టరు రాయాలి, చీటీ ఇవ్వాలి, అడిగితే రుజువు చూపాలి. కార్మిక శాఖ పని మొదలుపెట్టాల్సింది ఇక్కడ, ఎవరి పడకగదీ తనిఖీ చేయనక్కర్లేదు.

రెండో పని రాష్ట్ర ప్రభుత్వాలది. కోడ్ కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అమలు చేసే నియమాల్లో ‘తగిన రుజువు’ అంటే ఏమిటో రాయాలి. బ్యాంకు లేదా యూపీఐ ద్వారా ఇచ్చిన జీతం, వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసి ఇద్దరూ సంతకం పెట్టిన నెలవారీ కాగితం, ఈ రెండూ లేని చోట పనిమనిషి చెప్పిన గంటలనే నిజమని తీసుకోవాలి. ఈ మాట నియమాల్లో లేనంతకాలం పదింతల పరిహారం గురించి ప్రభుత్వాలు ఎంత గొప్పగా చెప్పుకున్నా, ఇంట్లో పిల్లను ఎత్తుకున్న ఆయాకు దానిలో ఒక్క రూపాయీ రాదు.